బంధుత్వం: కొమాద్రె

ఒతీలియా బల్దేరాస్ మీద పెట్టిన కేసు కాగితాల్లో బాధితులు పదకొండు మంది. అందులో నాలుగో పేరు మా అమ్మది.

మా వీధికీ నదికీ మధ్య రెండు నారింజ తోటలు, ఒక కంచె ఉన్నాయి. నది అవతల వేరే దేశం. వీధిలో నలభై మూడు ఇళ్ళు. ఒతీలియా ఇల్లు మాకు ఎదురుగా, మలుపులో. అందరూ ఆమెను గౌరవంగా దోన్యా తీలా అనేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళు ఉల్లిపాయల షెడ్డులో బెల్టు పక్కన నిలబడి కుళ్ళినవి ఏరింది. మోకాళ్ళు పోయాక మానేసింది. భర్త పుచ్చకాయల లారీ బోల్తా పడి పోయాడు. పుట్టిన ఒక్క బిడ్డ మూడు రోజులు బతికింది.

ఆ బిడ్డ పోయిన ఏడాదే పక్కింటి ఒఫేలియాకు కూతురు పుట్టింది. జ్ఞానస్నానానికి బిడ్డను ఎత్తుకోవడానికి ఒఫేలియా తీలాను పిలిచింది. బిడ్డను మట్టిలో పెట్టిన చేతులు, వద్దు అని అత్తగారు గోల చేసింది. ఒఫేలియా వినలేదు. ఆ పిల్ల మారిక్రూస్ ఒక్క జ్వరం కూడా రాకుండా పెరిగింది. దాంతో తీలా చేతి చలవ మంచిదని పేరు వచ్చింది. ఒకరి తరవాత ఒకరు పిలిచారు. మొత్తం పంతొమ్మిది మంది పిల్లలకు ఆమె జ్ఞానతల్లి. ఆ పిల్లలం ఆమెను నీనా అంటాం. నేను, చేలా, ఆరోదాన్ని.

బిడ్డను కన్న తల్లీ, ఆ బిడ్డను జ్ఞానస్నానంలో ఎత్తుకున్న తల్లీ ఒకరికొకరు కొమాద్రె అవుతారు. అప్పటిదాకా ఏమే, ఒసే అనుకున్నవాళ్ళు ఆ పూట నుంచి మీరు అనుకోవాలి. కొమాద్రె అడిగినదానికి లేదనకూడదు. కొమాద్రె గడపలోకి అడుగు పెట్టే ముందు పిలుపు కోసం చూడనక్కర్లేదు. మా అమ్మ పెత్రా, తీలా షెడ్డులో పక్కపక్కన నిలబడి బూతులు తిట్టుకుంటూ పనిచేసినవాళ్ళు. నాకు జ్ఞానస్నానం అయిన రోజు నుంచి ఇద్దరి నోటా మీరు తప్ప వేరే మాట రాలేదు.

షెడ్డు మానేశాక తీలా ఓట్ల పనిలోకి దిగింది. మా కౌంటీలో ప్రతి వీధికీ ఒక ఓట్లమ్మ ఉంటుంది. ఎన్నికలు వస్తే ముసలివాళ్ళను బండెక్కించి పోలింగుకు తీసుకెళ్ళడం, కదల్లేనివాళ్ళకు పోస్టల్ బ్యాలెట్ తెప్పించడం ఆమె పని. డయాలిసిస్ ఎవరికి ఏ రోజో తీలాకు తెలుసు. ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టకూడదో తెలుసు. దారిలో రెండుసార్లు బండి ఆపాల్సిన మనిషి ఎవరో తెలుసు. ఈ పనిలో ఉన్న మిగతా ఆడవాళ్ళు ఏ కాగితం మీదా తమ పేరు పడనివ్వరు. తీలా మూడో తరగతి దాకా చదివింది. సంతకం పెట్టమన్న చోటల్లా పూర్తి పేరు, పెద్ద అక్షరాలతో, నెమ్మదిగా రాసేది.

మారిక్రూస్ రాష్ట్ర వ్యవసాయ కమిషనర్ పదవికి నిలబడుతున్నానని చెప్పినప్పుడు ఆమెకు యాభై ఏళ్ళు. శాన్ ఆంటోనియోలో లాయరు. చిన్నప్పుడు ఒఫేలియా, భర్త ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఉత్తరాదికి చెర్రీలు కొయ్యడానికి వెళ్తే, బడి పోకూడదని పిల్లను తీలా దగ్గర వదిలేవాళ్ళు. అలా నాలుగేళ్ళు. జడ వేసింది తీలా, పేలు తీసింది తీలా, హోంవర్కు అర్థం కాకపోయినా పక్కన కూర్చుంది తీలా. ఒఫేలియా పోయి పదేళ్ళయింది. ఇప్పుడు తీలాకు ఒకటే కోరిక. ఈ పిల్ల గెలవాలి, గెలిచిన రోజు వేదిక మీద తను కూడా ఒక మూల నిలబడాలి. ఏ బట్టలు కట్టుకోవాలో కూడా అనుకుంది.

గెలుపు అంత తేలిక కాదని అందరికీ తెలుసు. ఈ రాష్ట్రంలో మా పార్టీ మనిషి రాష్ట్రమంతటి పదవి ఏదీ గెలిచి ముప్పయ్యేళ్ళు దాటింది. నేను ముసలివాళ్ళ పగటి కేంద్రంలో వంట చేస్తాను. అక్కడ మధ్యాహ్నాలు, పిలిచిన బొమ్మ తమ ముక్క మీద ఉంటే చిక్కుడు గింజ పెట్టే లొతేరియా ఆడుకుంటూ అందరూ దీని గురించే మాట్లాడేవాళ్ళు. దోన్ చేమా అని, చమురు బావుల మీద వెల్డింగు చేసి రిటైరైన మనిషి, తీలా కనబడితే చాలు మొదలుపెట్టేవాడు.

"పెద్ద టోపీ పెట్టుకున్న తెల్లోణ్ణి నిలబెట్టినా మీ పార్టీ గెలవలేదు. ఇప్పుడు ఆడమనిషి. అందులో మన మనిషి. అందులోనూ నది పక్క మనిషి. ఏం చూసుకొని దోన్యా, ఈ సంబరం?"

"నిన్ను చూసుకొని కాదులే. ముందు నీ ముక్క చూసుకో. కప్ప వచ్చి ఎంతసేపయిందో, గింజ పెట్టనే లేదు."

"నా కొడుకులిద్దరూ బావుల మీద బతుకుతున్నారు. ఈవిడొస్తే బావులు మూయిస్తుంది."

"వ్యవసాయ కమిషనర్ బావులెట్లా మూయిస్తుందయ్యా? నారింజకు తెగులొచ్చిందో లేదో చూసే ఉద్యోగం అది."

"మనవాళ్ళకు వచ్చిన తెగులు ఎవరు చూస్తారు మరి?" అని చేమా తన మాటకు తనే నవ్వేవాడు.

ఆగస్టులో సర్వేలు పదకొండు పాయింట్లు వెనక అన్నాయి. సెప్టెంబరు మొదట్లో ఆరు. నెలాఖరుకు మూడు. ఎండిపోయిన పత్తి చేల దగ్గర మారిక్రూస్ మోకాళ్ళ మీద కూర్చుని మట్టి పట్టుకున్న ఫోటో ఎక్కడెక్కడి తెల్ల రైతుల ఫోన్లకో చేరిందట. పేపర్లలో మా గురించి రాయడం మొదలుపెట్టారు. నది పొడుగునా ఉన్న నాలుగు కౌంటీలు ఇళ్ళలోంచి బయటికొస్తే గెలవచ్చు, రాకపోతే లేదు అని. తీలా ఆ పేపరు ముక్క నాచేత రెండుసార్లు చదివించుకుంది.

"అంటే మన చేతిలో ఉందంటున్నారు."

"అట్లాగే రాశారు నీనా."

"అయితే ఉన్నట్టే."

ప్రచారం ఆఫీసు నుంచి కెండల్ అనే అమ్మాయి వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు. స్పానిష్ రాదు. మధ్యలో నేను మాట చేరవేశాను. ఈ ఏడు దృష్టంతా పోస్టల్ బ్యాలెట్ల మీద పెట్టమంది. అరవై ఐదు దాటినవాళ్ళందరి చేతా దరఖాస్తులు నింపించాలి. సంతకం చెయ్యలేనివాళ్ళు గుర్తు పెడితే చాలు, పక్కన ఒక సాక్షి సంతకం చెయ్యాలి.

"సాక్షి ఎవరైనా ఫర్వాలేదా?" అని తీలా అడగమంది. అడిగాను.

"ఎవరైనా. పద్దెనిమిదేళ్ళు దాటితే చాలు" అంది కెండల్. ఆమెకు ఆ పని మీద ఇచ్చిన శిక్షణ రెండు గంటలు.

మా అమ్మకు అప్పుడు ఎనభై ఐదు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి సరిగా కదలదు. తీలా దరఖాస్తును ఇస్త్రీ బల్ల మీద పరిచి, పెన్ను అమ్మ వేళ్ళ మధ్య పెట్టింది. అమ్మ ఇంటూ గుర్తు గీసేసరికి చెమట పట్టింది.

"బాగా వచ్చింది కొమాద్రె. మీ పేరుకంటే ఇదే బావుంది."

"పెన్ను పట్టుకొని ఇంతసేపు కూచుంటే మీకూ వస్తుంది" అంది అమ్మ.

కింద సాక్షి పేరు, చిరునామా, సంతకం. ఆ తరవాత ఇంకొక గడి ఉంది. తీలా దాని మీద వేలు పెట్టి నా వంక చూసింది.

"ఇక్కడేం రాయాలే?"

"ఓటరుకి మీరేమవుతారో రాయాలి. బంధుత్వం."

"దానికింత ఆలోచన దేనికి?" అని ఆమె రాసింది. కొమాద్రె.

ఆ వారంలో గుర్తు పెట్టే ముసలమ్మలు ఉన్న ఇళ్ళన్నిటికీ వెళ్ళింది. పదకొండు మంది. పదకొండు మందీ ఆమె ఎత్తుకున్న పిల్లల తల్లులే. పదకొండు గడుల్లోనూ అదే మాట రాసింది. కెండల్ ఆ కాగితాల కట్టతో తీలాను నిలబెట్టి ఫోటో తీసి ప్రచారం పేజీలో పెట్టింది. కింద గుండె బొమ్మలు వచ్చాయని తీలాకు చూపించాను. లెక్కపెట్టమంది.

చట్టం వేరేగా ఉంది. ఒక మనిషి ఒక ఎన్నికలో ఒక్క దరఖాస్తుకే సాక్షి సంతకం చెయ్యాలి. అంతకు మించి చెయ్యాలంటే ఆ ఓటరు తల్లో, తండ్రో, తాతో, అవ్వో, భార్యో, భర్తో, బిడ్డో, తోబుట్టువో అయి ఉండాలి. దరఖాస్తు వెనక సన్నటి అక్షరాల్లో ఉంది ఆ మాట. తీలా చూడలేదు. నేనూ చూడలేదు. చూసి ఉంటే ఒక్కొక్క ముసలమ్మకూ వాళ్ళ ఇంట్లో మనిషి చేతే పెట్టించేది. పదకొండు ఇళ్ళలోనూ మనుషులున్నారు. పెద్ద పనేం కాదు.

అక్టోబరు రెండో వారంలో ఆ పదకొండు దరఖాస్తులు రాష్ట్ర రాజధానికి చేరాయి. నాలుగు రోజులకు టీవీలో వచ్చాయి. ముప్పై సెకన్ల ప్రకటన. ముందు మారిక్రూస్ నవ్వుతున్న ముఖం. తరవాత కాగితాల కట్టతో తీలా. తరవాత ఇంటూ గుర్తులు, ఒకటి, రెండు, మూడు, తెర నిండేదాకా. చివర తీలా పెద్ద అక్షరాలు. ఆ మాటను లావుపాటి మగ గొంతు తప్పుగా పలికింది. "వాళ్ళలో దీనికొక పేరుంది" అంది. ఆ ప్రకటన రాష్ట్రం అవతలి చివర అమరిల్లోలో, లబ్బాక్‌లో, ఫుట్‌బాల్ ఆటల మధ్య వేశారు.

"నా పెళ్ళప్పుడు నా పేరు పక్కూరికి పోలేదు" అన్నాడు చేమా. "మీ పేరు అమరిల్లో దాకా పోయింది దోన్యా."

తీలా తన ముక్కల మీద గింజలు సర్దుకుంటూ కూర్చుంది.

ఆ సాయంత్రం మారిక్రూస్ నా ఫోనుకు చేసింది. తీలా నంబరుకు చెయ్యొద్దని ఎవరో చెప్పి ఉంటారు. నేను రోడ్డు దాటి ఫోను తీసుకెళ్ళాను. తీలాకు ఒక చెవి వినపడదు. స్పీకరు పెట్టాను.

"నీనా, నేను."

"తిన్నావా?"

"తిన్నాను. నీనా, రేపు విలేకరులు అడుగుతారు."

"ఏమని?"

"మీరు నాకేమవుతారని."

తీలా ఫోను వంక చూసింది. "మూడు పాయింట్లన్నారు కదే మొన్న?"

"ఈ వారం ఐదయింది."

"నా వల్లా?"

తీలా ఫోను మీదికి వంగింది.

"అయితే నేనెవరో తెలీదని చెప్పు తల్లీ. నాకేం తగ్గిపోదు."

"తెలీదంటే నమ్మరు. బళ్ళో ఫోటోలున్నాయి. బంధువు కాదని చెబుతాను."

"చెప్పు. కాగితాల ప్రకారం కాదు కదా."

"మీరు ఎవరితోనూ మాట్లాడకండి. లాయరు లేకుండా అసలు మాట్లాడకండి."

"నువ్వు లాయరువే కదే."

"నేను చెయ్యకూడదు నీనా."

"అవునవును, నాకు తోచనే లేదు. సరే. గొంతు బొంగురు పోయింది, వేడినీళ్ళు తాగు."

ఫోను పెట్టేశాక తీలా తేలికపడ్డట్టు కనిపించింది. పిల్లకు చెప్పాల్సింది చెప్పేశాననుకుంది. నాకు కాఫీ ఇచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం కేంద్రంలో టీవీ పెట్టాం. మారిక్రూస్ ఇద్దరు షెరీఫుల మధ్య నిలబడింది. ఇద్దరికీ తెల్ల టోపీలు. ఎక్కడో తూర్పున, దేవదారు చెట్లున్న ఊరు. ఇంగ్లీషులో మాట్లాడింది. తీలా నా మోచెయ్యి పట్టుకుంది.

"ఏమంటోంది?"

"మీరు బంధువు కాదంది."

"ఊఁ."

"ప్రచారంలో ఉద్యోగి కూడా కాదంది."

"అది నిజమే. ఊఁ, ఇంకా?"

మారిక్రూస్ ఇంకా మాట్లాడుతోంది. చదువురాని ముసలివాళ్ళ ఓటు మీద చెయ్యి వేసే ఆడవాళ్ళను తను పెరిగిన వీధిలో చిన్నప్పటి నుంచీ చూశానంది. వాళ్ళంటే తనకు అసహ్యమంది. ఆ అసహ్యం వల్లే లాయరునయ్యానంది. ఈ కేసులో ఎవరూ రాజీ పడకూడదని, చట్టం అనుమతించినంత దూరం నడపాలని కోరింది. షెరీఫుల్లో ఒకాయన తల ఊపాడు.

"ఏమంటోందే?"

"నడపమంటోంది."

"ఏం నడపమంటోంది?"

"కేసు."

"ఎవరి మీద?"

నేను ఏం చెప్పానో గుర్తు లేదు. చెప్పాననే అనుకుంటాను. తీలా నా మోచెయ్యి వదిలేసింది. చేమా రిమోటు తీసుకొని బేస్‌బాల్ పెట్టాడు.

ఆ గురువారమే రాజధాని నుంచి ఇద్దరు అధికారులు మా వీధికి వచ్చారు. పదకొండు ఇళ్ళకూ వెళ్ళారు. మా ఇంటికి వచ్చినావిడ మర్యాదగా మాట్లాడింది. బూట్లు విప్పాలా అని అడిగింది. ఆమెకు స్పానిష్ రాదు. తోడు వచ్చినతను పక్కింట్లో ఉన్నాడు. నన్నే చెప్పమంది. ప్రశ్నలకు ముందే ఒక సంగతి వివరించింది. తను దేనికి గుర్తు పెడుతోందో తెలియని మనిషి ఈ కేసులో బాధితురాలు. తెలిసి, అడిగి పెట్టించుకున్న మనిషి అయితే ఆ విషయం వేరే చూడాల్సి ఉంటుంది. ఆ మాట చెబుతూ ఆమె ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూసింది. అమ్మను చూసుకున్నందుకు రాష్ట్రం నాకు జీతమిచ్చే గంటల పట్టీ అది. వారానికి ముప్పై నాలుగు గంటలు. చూసిందో లేదో, చూసినట్టు నాకనిపించింది.

"ఒతీలియా బల్దేరాస్‌ను సాక్షి సంతకం చెయ్యమని మీరు అడిగారా?"

నేను అమ్మకు చెప్పాను. అమ్మ ఆ మనిషిని తేరిపార చూసింది.

"అడగడమేంటి? కొమాద్రె కదా. ఆవిడ నా చేతికి పెన్ను పెడితే నేను గీస్తాను. నా పిల్లను ఆవిడ చేతిలో పెట్టినప్పుడు నేనేం అడిగాను? ఈవిడకు కొమాద్రెలు లేరా ఏం? అడుగు."

ఆ మనిషి పెన్ను పట్టుకొని నా వంక చూస్తోంది.

"లేదంటోంది" అన్నాను.

"అంతేనా? చాలాసేపు మాట్లాడింది."

"ముసలావిడ. చెప్పిందే చెబుతుంది."

ఆమె రాసుకుంది. కింద అమ్మ మళ్ళీ ఇంటూ గుర్తు పెట్టింది. సాక్షిగా నేను సంతకం చేశాను. నేను కూతుర్ని కాబట్టి అది చెల్లుతుంది.

మిగతా పది ఇళ్ళలో ఏం జరిగిందో నాకు తెలీదు. కాగితాల్లో మాత్రం పదిమందివీ అలాంటి జవాబులే ఉన్నాయి. ఒకావిడ కళ్ళద్దాలు లేవంది. ఒకావిడ చర్చి కాగితం అనుకున్నానంది. ఒకావిడ తీలా ఎవరో సరిగా తెలీదంది. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లల్ని తీలా ఎత్తుకుంది.

పదకొండు దరఖాస్తులూ రద్దు చేశారు. ముందస్తు ఓటింగు మొదలైన రోజు తీలా ఎప్పట్లాగే పొద్దున్నే బండి తీసింది. పాత వ్యాను. సీట్ల మీద దుప్పట్లు పరిచింది. ప్రతి ఇంటి ముందూ ఆగి హారను కొట్టింది. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. మా ఇంటి ముందు కూడా ఆగింది. అమ్మ నిద్రపోతోంది. నేను తలుపు తియ్యలేదు. మూడో రోజుకు హారను కొట్టడం మానేసి, ఆగి, కాసేపు చూసి వెళ్ళిపోయేది.

వారం చివర ఒకడు ఎక్కాడు. చేమా.

"నా ఓటు వాళ్ళకే" అన్నాడు తలుపు పట్టుకొని. "ముందే చెబుతున్నాను. తీసుకెళ్తారా?"

"ఎక్కు. బెల్టు పెట్టుకో."

తీసుకెళ్ళి, బయట ఎండలో నిలబడి, అతను ఓటేసి వచ్చాక తీసుకొచ్చి దింపింది. ఆ ఎన్నికలో తీలా వ్యానులో వెళ్ళి పడిన ఓట్లు రెండు. అతనిది, ఆమెది.

మారిక్రూస్ ఏడున్నర పాయింట్లతో ఓడిపోయింది. పదకొండు ఓట్లు పడినా, పదకొండు వేలు పడినా మారేది కాదు. మర్నాడు పేపర్లో, ఈ రాష్ట్రంలో ఆమెలాంటి అభ్యర్థికి ఇది గౌరవప్రదమైన ఓటమి అని రాశారు. మా పోలింగు కేంద్రంలో, నాకు గుర్తున్నంతలో మొదటిసారి, అవతలి పార్టీకి ఎక్కువ వచ్చాయి. ఓటమి ఒప్పుకుంటూ ఆమె చేసిన ప్రసంగంలో, నది ఒడ్డున తనను పెంచిన స్త్రీలందరికీ కృతజ్ఞతలు చెప్పింది. తీలా ఆ ముక్క కూడా నాచేత చదివించుకుంది. "అందరికీ అందా?" అని అడిగింది. "అవును" అన్నాను.

ఫిబ్రవరిలో కోర్టు. ప్రభుత్వం ఇచ్చిన లాయరు తప్పు ఒప్పుకోమన్నాడు. జైలు ఉండదు, ఏడాది పర్యవేక్షణ మాత్రమే అన్నాడు. తీలా ఒప్పుకుంది. షరతులు జడ్జి చదివాడు. ఏ ఓటరుకూ ఏ విధంగానూ సాయం చెయ్యకూడదు. బాధితులైన పదకొండు మందితో ఏడాది పాటు ఎలాంటి సంబంధం పెట్టుకోకూడదు. ఎదురుగా కాని, ఫోనులో కాని, ఉత్తరంలో కాని, మూడో మనిషి ద్వారా కాని.

"మీకు అర్థమైందా?" అని జడ్జి అడిగాడు.

"పదకొండు మందీ మా వీధే అయ్యా" అంది తీలా.

"అయితే జాగ్రత్తగా ఉండండి" అన్నాడు.

జాగ్రత్తగానే ఉంది. ఆదివారం పది గంటల పూజకు ముసలమ్మలు వస్తారని, పక్కూళ్ళో ఆరింటి పూజకు వెళ్ళడం మొదలుపెట్టింది. రొట్టెల దుకాణంలో ఎవరైనా కనబడితే బయటికి వచ్చి నిలబడేది. ఆ వసంతంలో వీధిలో ఇద్దరు పసివాళ్ళకు జ్ఞానస్నానాలయ్యాయి. ఇద్దరినీ వేరేవాళ్ళు ఎత్తుకున్నారు. ఆ చేతుల గురించి అత్తగార్లు మళ్ళీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. టీవీలో వచ్చిన చేతులు అన్నారు.

"కొమాద్రె ఎందుకు రావట్లేదు?" అని అమ్మ రోజూ అడిగేది.

"మోకాలి ఆపరేషన్ అయింది."

"ఇన్నాళ్ళా?"

"రెండు మోకాళ్ళూ."

"అయితే నన్ను తీసుకెళ్ళు. ఎదురిల్లేగా."

"నీకు ఎండ పడదు."

అమ్మ ఆగస్టులో పోయింది. వేసవంతా అడుగుతూనే ఉంది, చివరి వారం మాత్రం అడగలేదు.

అమ్మ పోయిన పొద్దున తీలా తన పర్యవేక్షణాధికారికి ఫోను చేసింది. బాధితుల్లో ఒకరు చనిపోయారు, సమాధి చేసే చోటికి వెళ్ళొచ్చా, ఇంట్లో జపమాలకు వెళ్ళొచ్చా అని అడిగింది. చనిపోయిన మనిషికి ఆ షరతు వర్తిస్తుందో లేదో తనకు తెలీదని, కోర్టును అడిగి చెబుతానని అతనన్నాడు. మా ఇంట్లో తొమ్మిది రోజులు జపమాల చెప్పాం. వేడికి కిటికీలు తీసే ఉంచాం. ఎదురుగా వరండాలో తీలా కుర్చీ వేసుకొని కూర్చునేది. మేము ముందు చెబితే జనం వెనక చెప్పాలి. ఆమె పెదవులు కదులుతున్నాయో లేదో అంత దూరం నుంచి కనిపించేది కాదు.

పన్నెండో రోజున కోర్టు నుంచి జవాబు వచ్చింది. మరణంతో ఆ పేరు వరకూ షరతు రద్దయినట్టే అని.

ఆ సాయంత్రం ఆమె రోడ్డు దాటి వచ్చింది. చేతిలో చిక్కుడు గింజల గిన్నె. గడప దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అని అడిగింది. నా జన్మలో ఆమె మా ఇంట్లోకి రావడానికి అడగడం అదే మొదలు. అమ్మ కూర్చునే కుర్చీలో కూర్చోలేదు, పక్కన బల్ల మీద కూర్చుంది.

"నొప్పి పడిందా?"

"లేదు నీనా. నిద్రలోనే."

"మంచిది."

ఫ్రిజ్ మీద గంటల పట్టీ ఉన్న చోట ఇప్పుడు టేపు మరకే ఉంది. ఆ గంటలు అమ్మతో పాటే ఆగిపోయాయి.

"చేలా, ఒకటి అడుగుతాను. ఏమనుకోకు."

"అడగండి."

"వాళ్ళొచ్చిన రోజు నువ్విక్కడే ఉన్నావు. మా లాయరు ఆ కాగితాలు చదివి వినిపించాడు. పదిమంది అన్నవీ విన్నాను. పోనీలే, పిల్లలు చెప్పమన్నట్టు చెప్పుంటారు అనుకున్నాను. మీ అమ్మది మాత్రం నమ్మబుద్ధి కాలేదు." ఆమె తన అరచేతుల వంక చూసుకుంది. "లేదు అని ఉంది. మీ అమ్మే అందా ఆ మాట?"

ఆ క్షణాన నేను నిజం చెబితే నాకు పోయేది ఏదీ లేదు. గంటలు లేవు, అమ్మ లేదు, కేసు ముగిసింది. నేను ఆమె ముఖం చూశాను. ఆ ముఖం నా వైపు తిరిగి ఎలా మారుతుందో చూడలేననిపించింది.

"అవును నీనా."

"ఎట్లా అంది?"

"లేదు అంది. అంతే."

"ఇంకేం అనలేదా? కొమాద్రె అని కూడా అనలేదా?"

"లేదు."

తీలా తల ఊపింది. గిన్నె మూత సరిచేసింది. ఉప్పు తక్కువేశాను, చూసుకో అంది. మెట్లు దిగేటప్పుడు నేను మోచెయ్యి పట్టుకోబోతే, వద్దులే అని రెయిలింగు పట్టుకొని దిగింది.

నవంబరు రెండున, చనిపోయినవాళ్ళ పండుగకు, మా ఊళ్ళో అందరూ సమాధులు కడుగుతారు. తీలా బకెట్టు, చీపురు, బంతిపూలు తెచ్చుకుంది. ముందు మూడు రోజుల బిడ్డది కడిగింది, భర్తది కడిగింది, ఒఫేలియాది కడిగింది. తరవాత ఎప్పట్లాగే పోయిన కొమాద్రెలందరి రాళ్ళూ వరసగా కడుగుతూ వచ్చింది. నేను అమ్మ సమాధి దగ్గర గడ్డి పీకుతూ కూర్చున్నాను. ఇటు పక్క రాయి కడిగి పూలు పెట్టింది. బకెట్టు ఎత్తుకుని మమ్మల్ని దాటి, అటు పక్క రాయి దగ్గర దించింది.